ఆరుబయటి నిఘా కెమెరా

ఆరుబయటి నిఘా కెమెరా అనగా ఇంటి వెలుపలి గోడకు గాని, ప్రహరీకి గాని, గేటు స్తంభానికి గాని అమర్చి, ఆవరణలోనికి వచ్చినవారి కదలికను గుర్తించి దృశ్యాన్ని నమోదు చేసే సాధనం. వాడుకలో దీనిని సి.సి. కెమెరా అని పిలుస్తారు. చలనాన్ని పసిగట్టే సంవేదకం, చీకటిలో దానంతట అదే వెలిగే దీపం, కెమెరా - ఈ మూడూ ఒకే పరికరంలో కలిసి ఉన్న రకం ఈ వ్యాసంలో ప్రధానంగా వివరించబడినది.

ఈ మూడింటికీ వేరు వేరు పనులు ఉన్నాయి. ఎప్పుడు చూడవలెనో సంవేదకం తెలుపుతుంది. చూచుటకు కావలసిన వెలుతురును దీపం ఇస్తుంది. చూచినదానిని కెమెరా భద్రపరుస్తుంది. అయితే ఈ పరికరం కావలివాడు కాదు, సాక్షి మాత్రమే. గోడ దూకినవానిని అది ఆపలేదు. మనిషిని గుర్తుపట్టగలిగినంత స్పష్టంగా చూడటం, చూచినది చెరిగిపోకుండా నిలుపుకోవడం, చూడకూడనిదానిని చూడకుండా ఉండటం - ఈ మూడు లక్షణాలు ఉన్నప్పుడే అది మంచి సాక్షి అవుతుంది.

చరిత్ర

కెమెరా దృశ్యాన్ని ప్రసారం చేయకుండా తీగల ద్వారా ఒకే తెరకు పంపే పద్ధతిని 1942లో జర్మనీలోని పీనెముండే వద్ద వి-2 రాకెట్ల ప్రయోగాలను దూరం నుండి గమనించడానికి ఉపయోగించారు. ఈ ఏర్పాటును వాల్టర్ బ్రూచ్ అనే ఇంజనీరు రూపొందించాడు.

ఇంటి రక్షణకు కెమెరాను వాడవచ్చుననే ఆలోచన అమెరికాలో ఒక నర్సుకు కలిగింది. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో నివసించిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ పనివేళలు నియమితంగా ఉండేవి కావు. రాత్రిపూట తలుపు తట్టినవారెవరో తలుపు తీయకుండానే తెలుసుకోవడానికి ఆమె, ఎలక్ట్రానిక్స్ సాంకేతిక నిపుణుడైన భర్త ఆల్బర్ట్ బ్రౌన్‌తో కలిసి ఒక పరికరాన్ని రూపొందించింది. తలుపుకు వివిధ ఎత్తులలో రంధ్రాలు, వాటి వెంట పైకి క్రిందికి జరిగే కెమెరా, పడకగదిలో తెర, మాట్లాడటానికి మైకు, దూరం నుండే తలుపు తెరిచే మీట ఇందులోని భాగాలు. 1966లో వీరు పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1969 డిసెంబరు 2న అది మంజూరైంది.

1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు కాఫీ పాత్ర నిండి ఉన్నదో లేదో తమ గదుల నుండే చూడటానికి దానివైపు ఒక కెమెరాను త్రిప్పి పెట్టారు. 1993లో ఆ దృశ్యం ఇంటర్నెట్‌లోనికి వచ్చింది. 1996లో స్వీడన్‌కు చెందిన ఆక్సిస్ సంస్థ నేరుగా నెట్‌వర్క్‌కు కలుపదగిన కెమెరాను విడుదల చేసింది. దీనితో కెమెరా ఉన్న చోటనే తెర కూడా ఉండవలసిన అవసరం తొలగిపోయింది.

స్మార్ట్‌ఫోన్లు వ్యాపించిన తరువాత ఈ పరికరాలు సామాన్య గృహాలకు చేరాయి. అమెరికాలో జేమీ సిమినాఫ్ స్థాపించిన డోర్‌బాట్ సంస్థ 2014లో రింగ్ అని పేరు మార్చుకొని, 2017లో ఫ్లడ్‌లైటు, సంవేదకం, కెమెరా కలిసిన పరికరాన్ని ప్రవేశపెట్టింది. 2018లో ఆ సంస్థను అమెజాన్ కొనుగోలు చేసింది.

పనిచేయు విధానం

చలనాన్ని గుర్తించుట

చలనాన్ని గుర్తించడానికి రెండు పద్ధతులు కలవు. మొదటిది పరారుణ సంవేదకం. ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి కంటికి కనిపించని పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. మానవ శరీరం నుండి వెలువడే కిరణాలు 8 నుండి 14 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యంలో అధికంగా ఉంటాయి. సంవేదకంలో ఈ కిరణాలకు స్పందించే రెండు చిన్న పలకలు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో కలుపబడి ఉంటాయి. పరిసరాలన్నీ ఒకేసారి వేడెక్కితే రెండు పలకల స్పందన సమానమై పరస్పరం రద్దవుతుంది. మనిషి నడిచినప్పుడు అతని శరీరపు వేడి ముందు ఒక పలకపై, తరువాత రెండవదానిపై పడుతుంది. ఆ తేడాయే విద్యుత్ సంకేతం అవుతుంది.

సంవేదకం ముందు కనిపించే తెల్లని గీతల మూత నిజానికి ఫ్రెనెల్ కటకం. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ 19వ శతాబ్దపు తొలి భాగంలో దీపస్తంభాల కొరకు రూపొందించిన కటకమే దీనికి మూలం. ఇది ముందున్న స్థలాన్ని విసనకర్ర ఈనెల వలె పలు మండలాలుగా విభజిస్తుంది. మనిషి ఒక మండలం నుండి మరొక మండలంలోనికి దాటినప్పుడే సంవేదకం స్పందిస్తుంది. కనుక కెమెరాకు అడ్డంగా నడిచేవానిని ఇది వెంటనే గుర్తిస్తుంది. నేరుగా దానివైపు నడిచి వచ్చేవానిని ఆలస్యంగా గుర్తిస్తుంది.

సాధారణ గాజు ఈ తరంగాలను దాటనివ్వదు. అందువలన కిటికీ అద్దం వెనుక ఉంచిన పరారుణ సంవేదకం బయటి మనిషిని పసిగట్టలేదు.

రెండవ పద్ధతిలో కెమెరా ఒక చిత్రాన్ని దాని ముందరి చిత్రంతో పోల్చి, మారిన బిందువులను లెక్కిస్తుంది. ఈ పద్ధతిలో కదిలే కొమ్మ, నీడ, వాహనపు దీపకాంతి కూడా చలనంగానే నమోదవుతాయి. ఇటీవలి కెమెరాలలో ఆకారాన్ని విశ్లేషించి మనిషి, జంతువు, వాహనం అని వేరు చేసే ప్రోగ్రాములు ఉంటున్నాయి.

దీపం

చీకటిని గుర్తించే చిన్న కాంతి సంవేదకం ఒకటి ఈ పరికరంలో ఉంటుంది. పగటిపూట కదలిక ఉన్నా దీపం వెలగదు. రాత్రి కదలిక కనిపించగానే ఎల్.ఇ.డి. దీపం వెలిగి, నిర్ణీత వ్యవధి తరువాత ఆరిపోతుంది. దీనివల్ల విద్యుత్తు ఎంతో ఆదా అవుతుంది. ఉదాహరణకు 20 వాట్ల దీపం రాత్రి 12 గంటలూ వెలిగితే 240 వాట్-గంటల విద్యుత్తు ఖర్చవుతుంది. అదే దీపం రాత్రిలో 30 సార్లు ఒక్కొక్క నిమిషం చొప్పున వెలిగితే దీపానికి అయ్యే ఖర్చు 10 వాట్-గంటలు మాత్రమే.

తెల్లని దీపానికి బదులుగా కొన్ని కెమెరాలలో పరారుణ దీపాలు ఉంటాయి. వీటిలో 850 నానోమీటర్ల దీపాలు చీకటిలో మందమైన ఎర్రని చుక్కలుగా కనిపిస్తాయి. 940 నానోమీటర్ల దీపాలు కంటికి కనిపించవు గాని, వాటి వెలుతురులో కెమెరా తక్కువ దూరమే చూడగలదు. పరారుణ కాంతిలో చిత్రం నలుపు తెలుపులలో వస్తుంది. కొన్ని రకాల నల్లని వస్త్రాలు ఈ కాంతిలో తెల్లగా కనిపిస్తాయి. కనుక ఇటువంటి చిత్రాన్ని చూచి దుస్తుల రంగును నిర్ధారించరాదు. రంగు తెలియవలెనన్నచో తెల్లని దీపమే అవసరం.

కెమెరా

కెమెరా నాణ్యతను సాధారణంగా బిందువుల సంఖ్యతో చెబుతారు. అయితే ఆ సంఖ్య కంటే ముఖ్యమైనది మనిషి ఉన్న చోట ఒక మీటరు వెడల్పుకు ఎన్ని బిందువులు వస్తాయన్నది. ఐ.ఇ.సి. 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఎవరో ఉన్నారని తెలియడానికి మీటరుకు 25 బిందువులు, పరిచితుడైన వ్యక్తిని పోల్చుకోవడానికి 125, అపరిచితుని రూపాన్ని నిర్ధారించడానికి 250 బిందువులు కావాలి.

అడ్డంగా 1920 బిందువులు గల కెమెరాను తీసుకుంటే, 1920ని 250తో భాగించగా సుమారు 7.7 మీటర్లు వస్తుంది. కటకపు వీక్షణ కోణం 90 డిగ్రీలైతే, కెమెరాకు ఎదురుగా 3.8 మీటర్ల దూరంలోనే దృశ్యం ఆ వెడల్పుకు చేరుతుంది. అనగా అపరిచితుని ముఖం నిర్ధారణగా తెలిసేది దాదాపు 4 మీటర్ల లోపు మాత్రమే. వీధి చివరి వరకు కనిపించే కెమెరా వీధి చివర ఉన్న మనిషిని గుర్తించగలదని భావించడం పొరపాటు. కోణం పెరిగిన కొద్దీ ఎక్కువ స్థలం కనిపిస్తుంది, ముఖం చిన్నదవుతుంది.

నిల్వ

దృశ్యాలు మెమరీ కార్డులో గాని, ఇంటిలోని రికార్డరులో గాని, సంస్థ నిర్వహించే సర్వరులో గాని నిల్వ ఉంటాయి. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నిరంతరం నమోదు చేస్తే రోజుకు సుమారు 21.6 గిగాబైట్లు అవసరమవుతాయి. 64 గిగాబైట్ల కార్డు మూడు రోజులలోపే నిండి, పాత దృశ్యాలు చెరిగిపోతాయి. కదలిక ఉన్నప్పుడు మాత్రమే నమోదు చేస్తూ రోజుకు ఒక గంట దృశ్యం చేరితే, అదే కార్డు రెండు నెలలకు పైగా సరిపోతుంది. అయితే బ్యాటరీతో పనిచేసే కెమెరాలు సంవేదకం మేల్కొలిపిన తరువాతనే నమోదు ప్రారంభిస్తాయి కనుక, తొలి క్షణాలు దక్కకపోవచ్చు.

కెమెరానే ఎత్తుకుపోయినచో అందులోని కార్డు కూడా పోతుంది. ఇంటిలోని రికార్డరులో గాని సర్వరులో గాని రెండవ ప్రతి ఉండటం ఇందుకే అవసరం.

వేడి, వాన ప్రభావం

మనిషి చర్మపు ఉష్ణోగ్రత సుమారు 32 నుండి 35 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పరిసరాల ఉష్ణోగ్రత దీనికి దగ్గరగా ఉన్నప్పుడు పరారుణ సంవేదకానికి మనిషికీ గోడకూ తేడా సరిగా తెలియదు. తెలుగు రాష్ట్రాలలో ఇది గమనించవలసిన విషయం. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సందర్భాలు ఉన్నాయి. పగలంతా ఎండలో కాగిన గోడ, సిమెంటు నేల పొద్దుపోయిన తరువాత కూడా ఆ వేడిని విడుస్తూనే ఉంటాయి. ఆరుబయట పడుకునే అలవాటు, మేడపైన పడుకొని క్రింద తాళం వేసుకునే అలవాటు ఉన్న వేసవి రాత్రులలోనే సంవేదకం సున్నితత్వం తగ్గుతుంది. కనుక వేసవిలో సున్నితత్వాన్ని పెంచుకొని, చలికాలంలో తగ్గించుకోవాలి. చిత్రాలను పోల్చే పద్ధతి కూడా ఉన్న కెమెరాకు ఈ ఇబ్బంది తక్కువ.

లిథియం అయాన్ బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలకు మించిన వేడిలో ఛార్జి చేయరాదు. సౌర ఫలకం ఎండలో ఉన్నా, బ్యాటరీ ఉన్న కెమెరా నీడలో ఉండటం మంచిది.

వాన, దుమ్ముల నుండి రక్షణను ఐ.పి. అనే అక్షరాల తరువాతి రెండు అంకెలతో సూచిస్తారు. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీటికి సంబంధించినవి. ఐ.పి. 65 అనగా దుమ్ము చొరబడదు, పిచికారీగా కొట్టే నీటిని తట్టుకుంటుంది. ఐ.పి. 67 అయితే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా తట్టుకుంటుంది. అయితే తీగలు కలిపిన చోట రక్షణ లేకపోతే ఈ అంకెల వల్ల ప్రయోజనం లేదు. తీరప్రాంతాలలో ఉప్పుగాలికి ఇనుప మరలు త్వరగా తుప్పుపడతాయి.

అమర్చే విధానం

సాధారణంగా ఈ కెమెరాలను నేల నుండి 2.5 నుండి 3 మీటర్ల ఎత్తులో అమర్చుతారు. ఇంకా ఎత్తులో ఉంచితే ముఖానికి బదులు తల మాత్రమే కనిపిస్తుంది. తక్కువ ఎత్తులో ఉంచితే చేతికి అందుతుంది. అమర్చునప్పుడు పాటించవలసిన ముఖ్య విషయాలు:

* మనిషి కెమెరాకు అడ్డంగా నడిచే విధంగా, అనగా గేటు నుండి వసారాకు వచ్చే దారికి ప్రక్కగా కెమెరా ఉండాలి.
* ఉదయ, సాయంకాలపు ఎండ నేరుగా కటకంపై పడరాదు.
* ఏ.సి. యంత్రపు వేడిగాలి, వంటగది పొగగొట్టం సంవేదకానికి ఎదురుగా ఉండరాదు.
* కొబ్బరి మట్టలు, అరటి ఆకులు, ఆరవేసిన బట్టలు కెమెరా ముందు ఊగకుండా చూడాలి.
* వీధి గేటుతో పాటు పెరటి తలుపు, మేడ మెట్లు కూడా చూపులో ఉండాలి.
* విద్యుత్తు పోయినప్పుడు కెమెరా పనిచేసినా వై-ఫై రౌటరు ఆగిపోతే హెచ్చరిక ఫోనుకు చేరదు. కనుక రౌటరును కూడా ఇన్వర్టరుకు కలపాలి.
* అమర్చిన తరువాత రాత్రివేళ ఇంటివారే ఒకరు గేటు నుండి నడిచి వచ్చి, ఆ దృశ్యంలో ముఖం తెలియుచున్నదో లేదో పరిశీలించాలి.

తప్పుడు హెచ్చరికలు

దొంగ కాని దేనికో కెమెరా పంపే హెచ్చరికను తప్పుడు హెచ్చరిక అంటారు. వీధి కుక్కలు, పిల్లులు, గాలికి ఊగే కొమ్మలు, వాన చినుకులు ఇందుకు కారణాలు. దీపపు వెలుతురుకు పురుగులు చేరుతాయి, పురుగుల కొరకు సాలెపురుగు కటకం మీదనే గూడు అల్లుతుంది. పరారుణ కాంతిలో ఆ దారం తెల్లని పట్టీ వలె మెరిసి, ఊగినప్పుడల్లా కదలికగా నమోదవుతుంది. వారానికి ఒకసారి మెత్తని గుడ్డతో కటకాన్ని తుడవడం దీనికి సులభమైన నివారణ.

తప్పుడు హెచ్చరికల వల్ల కలిగే అసలు నష్టం మనిషిలో వచ్చే నిర్లక్ష్యం. రాత్రికి ఇరవై సార్లు ఫోను మ్రోగితే ఇంటివారు కొద్ది రోజులకే దానిని పట్టించుకోవడం మానివేస్తారు. "నాన్నా పులి" కథలోని బాలుని కేక వలె, నిజమైన హెచ్చరిక కూడా అప్పుడు వృథా అవుతుంది. చూడవలసిన ప్రాంతాన్ని తెరపై గీత గీసి పరిమితం చేసుకొనే సౌకర్యం అనేక కెమెరాలలో కలదు.

నేర నిరోధం

నిఘా కెమెరాల వలన నేరాలు ఎంతవరకు తగ్గుతాయన్న విషయంపై నలభై సంవత్సరాల అధ్యయనాలను సమీక్షించి 2019లో ప్రచురించిన పరిశోధనలో, కెమెరాలు ఉన్న బహిరంగ ప్రదేశాలలో లేనివాటితో పోల్చగా నేరాలు సుమారు 13 శాతం తగ్గినట్లు తేలింది. వాహనాలు నిలుపు స్థలాలలో ఫలితం అధికంగా కనిపించింది. కెమెరా దృశ్యాలను మనుషులు నిరంతరం గమనిస్తున్న చోట్ల ప్రయోజనం ఎక్కువగా ఉన్నది.

2016లో న్యూయార్క్ నగరంలోని ప్రభుత్వ గృహ సముదాయాలలో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, అదనపు దీపాలు ఏర్పాటు చేశారు. అక్కడ రాత్రివేళ ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గినట్లు పరిశోధకులు లెక్కగట్టారు. ఈ రెండు అధ్యయనాలూ బహిరంగ స్థలాలకు సంబంధించినవి. ఒక్కొక్క ఇంటికి అవే సంఖ్యలు వర్తిస్తాయని చెప్పలేము. అయినప్పటికీ దీపం, దృశ్యాన్ని గమనించే మనిషి కూడా కెమెరాతో పాటు ముఖ్యమేనని ఇవి తెలుపుతున్నాయి.

తెలుగు రాష్ట్రాలలో

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో చేసిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం ఒకేసారి వంద మంది గాని అంతకు మించి గాని చేరే సంస్థలలో కెమెరాలు అమర్చి, దృశ్యాలను 30 రోజుల పాటు భద్రపరచవలసి ఉన్నది. ఈ నిబంధన వ్యాపార సముదాయాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు వంటి వాటికి ఉద్దేశించినది. సాధారణ గృహాలకు కాదు. హైదరాబాదు పరిసరాలలో పోలీసులు "నేను సైతం" అనే కార్యక్రమం ద్వారా కాలనీవాసులను, వ్యాపారులను స్వచ్ఛందంగా కెమెరాలు ఏర్పాటు చేసుకొనుటకు ప్రోత్సహించారు. 2022 ఆగస్టు 4న హైదరాబాదులోని బంజారా హిల్స్‌లో పోలీసు సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది.

ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ 2010వ దశకపు రెండవ భాగంలో లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ అనే పథకాన్ని ప్రవేశపెట్టింది. ఊరికి వెళ్ళేవారు మొబైల్ యాప్ ద్వారా కోరితే, పోలీసులు తాళం వేసిన ఇంటిలో చలనాన్ని గుర్తించే కెమెరాను అమర్చుతారు. ఎవరైనా ప్రవేశిస్తే నియంత్రణ గదికి హెచ్చరిక అందుతుంది. హెచ్చరికను అందుకొని కదిలివచ్చే మనిషిని కూడా ఏర్పాటులో భాగం చేయడం ఈ పథకంలోని విశేషం.

పిల్లలు విదేశాలలో స్థిరపడగా స్వగ్రామంలో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల ఇళ్లకు కూడా ఈ కెమెరాలు అమర్చడం జరుగుతున్నది. అటువంటి సందర్భాలలో విదేశంలో ఉన్నవారి ఫోనుతో పాటు, వెంటనే రాగలిగిన ఇరుగుపొరుగువారి ఫోనుకు కూడా హెచ్చరిక అందేలా చేసుకోవడం అవసరం.

పొరుగువారి గోప్యత

తన ఇంటిని చూచే కెమెరా పొరుగింటి పెరడును, స్నానాల గది కిటికీని, ఎదురింటి వాకిలిని కూడా చూచే అవకాశం ఉన్నది. 2017 ఆగస్టు 24న భారత సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఏకాంతంలో ఉన్న స్త్రీ దృశ్యాలను తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరం. మొదటి నేరానికి ఒకటి నుండి మూడు సంవత్సరాల వరకు జైలు శిక్ష, జరిమానా విధించవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యక్తులు తమ గృహావసరాలకు చేసుకొనే నమోదులకు వర్తించదు. అంతమాత్రాన పొరుగువారి గోప్యతకు రక్షణ లేదని అర్థం కాదు.

ఒకే ఇంటిలో కలిసి ఉంటున్నవారి మధ్య వచ్చిన వివాదంలో, సహనివాసి సమ్మతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపరాదని 2025లో కలకత్తా హైకోర్టు తీర్పు ఇవ్వగా, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు.

ఐరోపాలో రెండు తీర్పులు పేర్కొనదగినవి. చెక్ దేశంలో ఒక గృహస్థుని ఇంటిపై పలుమార్లు దాడులు జరిగాయి. అతడు అమర్చిన కెమెరా వల్ల కిటికీ పగులగొట్టిన అనుమానితులు గుర్తించబడ్డారు. కాని ఆ కెమెరా వీధిని కూడా చూపుచున్నందున అది కేవలం గృహావసరం క్రిందికి రాదని ఐరోపా న్యాయస్థానం 2014 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. ఇల్లు కాపాడుకొనే హక్కును కూడా పరిగణించవచ్చునని ఆ తీర్పులోనే తెలిపింది. 2021లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు, పొరుగువారి ఆవరణ వరకు విస్తరించిన కెమెరాల విషయంలో, దృశ్యం కంటే దూరం నుండి మాటలను నమోదు చేయడమే ఎక్కువ అభ్యంతరకరమని అభిప్రాయపడింది. శబ్ద నమోదు అవసరం లేనప్పుడు దానిని ఆపివేయడం, పొరుగు భాగాన్ని తెరపై నల్లని ముసుగుతో కప్పడం, దీపాన్ని పొరుగువారి పడకగది కిటికీపై పడకుండా క్రిందికి వంచడం వివాదాలను నివారిస్తాయి.

సాక్ష్యంగా వినియోగం

కెమెరా దృశ్యాన్ని న్యాయస్థానంలో ప్రవేశపెట్టడానికి ధ్రువపత్రం అవసరం. పూర్వం భారత సాక్ష్య చట్టం 65బి సెక్షను క్రింద ఈ నియమం ఉండేది. 2020 జులైలో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో ఈ ధ్రువపత్రం తప్పనిసరి అని స్పష్టం చేసింది. అసలు పరికరాన్నే ప్రవేశపెడితే దాని అవసరం ఉండదు. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ఇప్పుడు దీనికి ఆధారం. దృశ్యపు ఫైలు మారలేదని తెలిపే హాష్ సంఖ్యను కూడా ధ్రువపత్రంలో పేర్కొనాలి.

కనుక దొంగతనం జరిగినప్పుడు దృశ్యాన్ని ఫోను తెరపై తిరిగి చిత్రీకరించి పంపడం చాలదు. నమోదును వెంటనే ఆపి, అసలు కార్డును గాని రికార్డరును గాని మార్పు లేకుండా పోలీసులకు చూపాలి. కెమెరా గడియారం సరియైన సమయం చూపుతున్నదో లేదో ముందే సరిచూసుకోవాలి.

అస్పష్టమైన దృశ్యాన్ని "ఇతడే దొంగ" అని వాట్సాప్ సమూహాలలో పంచడం ప్రమాదకరం. అదే పోలిక గల అమాయకుడు, చిరునామా వెదుకుతూ వచ్చిన బాటసారి, సరుకు అందించడానికి వచ్చిన కుర్రవాడు మూకదాడికి గురయ్యే అవకాశం ఉన్నది. పంచినవారు పరువు నష్టం కేసును కూడా ఎదుర్కోవలసి రావచ్చు.

సైబర్ భద్రత

ఇంటర్నెట్‌కు కలిపిన కెమెరా ఇంటిని బయటివారికి చూపే కిటికీగా కూడా మారవచ్చు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డును మార్చకుండా వదిలిన కెమెరాలను, రికార్డర్లను లోబరచుకొంది. ఆ సంవత్సరం అక్టోబరు 21న ఈ పరికరాల ద్వారా డిన్ అనే సంస్థపై జరిగిన దాడి వల్ల ట్విట్టర్ వంటి అనేక వెబ్‌సైట్లు కొన్ని గంటల పాటు స్తంభించాయి. 2023 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రింగ్ సంస్థ తన ఉద్యోగులు ఖాతాదారుల దృశ్యాలను చూడకుండా తగిన కట్టడి చేయలేదని ఆరోపించగా, ఆ సంస్థ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

భారత ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో కెమెరాలకు భద్రతా పరీక్షలను తప్పనిసరి చేస్తూ నిబంధనలు ప్రకటించింది. ఇవి 2025 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చాయి. వినియోగదారులు తమవంతుగా కెమెరాతో వచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చాలి. రెండంచెల ధ్రువీకరణ ఉంటే ఉపయోగించాలి. ప్రోగ్రామును ఎప్పటికప్పుడు నవీకరించాలి. కెమెరాను అమర్చిన పనివానికి ఇచ్చిన పాస్‌వర్డును పని పూర్తికాగానే మార్చుకోవాలి. పాత కెమెరాను అమ్మేముందు కార్డును తీసివేసి, ఖాతా నుండి తొలగించాలి.

ఇవి కూడా చూడండి

* పరారుణ కిరణాలు
* ఫ్రెనెల్ కటకం
* కాంతి ఉద్గార డయోడ్
* గోప్యతా హక్కు